ఎం.ఏ. ఇంగ్లీషు కోర్సుల ప్రణాళిక: నాలుగు సెమిస్టర్లను చదువు గంటలతో లెక్కగట్టే పద్ధతి

ఎం.ఏ. ఇంగ్లీషులో చేరిన కొత్తలో ఎలెక్టివ్‌ల (మనమే ఎంచుకునే పేపర్ల) జాబితా చూసినప్పుడు విద్యార్థులు సాధారణంగా రెండే ప్రశ్నలు వేసుకుంటారు: ఏ పేపర్‌లో మార్కులు బాగా పడతాయి, ఏ పేపర్‌కు సీనియర్ల నోట్సు దొరుకుతుంది. ఇవి తీసిపారేయవలసిన ప్రశ్నలేమీ కావు. అయితే వీటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఈ పేపర్‌లో ఉన్న పుస్తకాలను నిజంగా చదవడానికి నాకు ఎన్ని గంటలు పడుతుంది, ఆ గంటలు ఈ సెమిస్టర్‌లో నా దగ్గర ఉన్నాయా? సాహిత్యం ఎం.ఏ.లో ప్రణాళిక అంటే ప్రధానంగా ఈ లెక్కే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

ఈ లెక్క ఇప్పుడు మరింత అవసరం కావడానికి ఒక కారణం ఉంది. ఇదివరకు ఎం.ఏ.కీ పీహెచ్.డి.కీ నడుమ ఎం.ఫిల్. ఉండేది. ఒక సుదీర్ఘ పరిశోధన వ్యాసాన్ని ఎలా రాయాలో చాలామంది అక్కడే నేర్చుకునేవారు. యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నాటి నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. పీహెచ్.డి.లో చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది కానీ, అందులో చేరడానికే రాయడం వచ్చి ఉండాలి. అంటే ఎం.ఫిల్. చేయించిన సాధన అంతా ఎం.ఏ. నాలుగు సెమిస్టర్లలోకే వచ్చి పడింది.

ఇక్కడ చెప్పేది హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయాలనూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒకచోట ఎలెక్టివ్‌లు ధారాళంగా ఉంటాయి, మరొకచోట సెమిస్టర్‌కు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. ఎంపికకు అవకాశం తక్కువగా ఉన్నచోట గంటల లెక్క అనవసరమని అనుకోకండి. పేపర్‌ను మార్చుకునే వీలు లేనప్పుడు చదివే క్రమాన్ని మార్చుకోవడం ఒక్కటే మీ చేతిలో ఉంటుంది.

ముందుగా పూర్తి సిలబస్‌ను సంపాదించండి

ప్రాస్పెక్టస్‌లో ఉండే పేపర్ల పేర్లు చాలవు. నాలుగు సెమిస్టర్లకూ యూనిట్ల వారీగా పాఠ్యాంశాలున్న పూర్తి సిలబస్‌ను డిపార్ట్‌మెంట్ ఆఫీసులో గానీ వెబ్‌సైటులో గానీ తీసుకుని, అచ్చు వేయించి దగ్గర పెట్టుకోవాలి. ప్రతి పేపర్ పక్కన మూడు విషయాలు రాయండి. అది కోర్ (తప్పనిసరి) పేపరా, ఎలెక్టివా? ఎన్ని క్రెడిట్లు? అందులో డీటెయిల్డ్‌గా చదవవలసినవి ఏవి, నాన్ డీటెయిల్డ్‌గా చదివితే సరిపోయేవి ఏవి? ఈ మూడో వివరాన్ని చాలామంది పట్టించుకోరు. డీటెయిల్డ్ పాఠ్యాంశం నుంచి అన్నోటేషన్ (ఇచ్చిన పంక్తులకు సందర్భసహిత వ్యాఖ్య రాసే) ప్రశ్న రావచ్చు, కాబట్టి దాన్ని పంక్తి పంక్తీ చదవాలి. నాన్ డీటెయిల్డ్ నవలను ఒకసారి శ్రద్ధగా చదివి, ముఖ్యమైన అధ్యాయాలను మళ్ళీ తిరగేస్తే సరిపోతుంది. రెండింటికీ పట్టే సమయం వేరు.

గత మూడేళ్ళ ప్రశ్నపత్రాలు కూడా తెచ్చుకోండి. వాటిని పరీక్ష కోసం కాక ప్రణాళిక కోసం చూడాలి. ఏ యూనిట్‌లో ఛాయిస్ ఎంత ఉందో, ఏ రచయిత ఏటా తప్పక వస్తున్నారో వాటిలో తెలుస్తుంది. జాబితాలో కనిపించే ఎలెక్టివ్‌లలో కొన్ని అధ్యాపకులు లేకనో, తగినంతమంది విద్యార్థులు చేరకనో నడవవు. ఈ ఏడాది నిజంగా నడిచేవి ఏవో డిపార్ట్‌మెంట్ అధిపతిని (హెచ్.ఓ.డి.ని) అడిగి తెలుసుకోవాలి. లేకపోతే మూడో సెమిస్టర్ కోసం మీరు అల్లుకున్న ఆలోచన అంతా నోటీసుబోర్డు దగ్గరే ఆగిపోతుంది.

మీ చదువు వేగాన్ని గడియారంతో కొలవండి

జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల అభ్యాసం. నాలుగు క్రెడిట్ల పేపర్‌కు 120 గంటలు. వారానికి నాలుగు గంటల చొప్పున 15 వారాలు క్లాసు జరిగితే అందులో 60 గంటలు పోతాయి, తక్కిన 60 గంటలు మీ సొంత చదువుకు. అలాంటి పేపర్లు ఐదు ఉంటే క్లాసుకు వారానికి 20 గంటలు, ఇంట్లోనో హాస్టల్‌లోనో లైబ్రరీలోనో చదవడానికి మరో 20 గంటలు కావాలి. ఆదివారం సెలవు తీసుకునేవారికి రోజుకు మూడు గంటలకు పైనే. ఉద్యోగం చేస్తూ చదివేవారూ, రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారూ ఈ అంకె దగ్గరే కాసేపు ఆగాలి.

ఇప్పుడు ఒక పేపర్‌ను తీసుకుందాం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవల అనే పేపర్‌లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘వదరింగ్ హైట్స్’, ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘మిడిల్‌మార్చ్’, ‘టెస్’ ఉన్నాయనుకోండి. ప్రచురణను బట్టి పేజీలు మారతాయి కానీ, సాధారణ పేపర్‌బ్యాక్‌లలో వరుసగా 350, 330, 480, 800, 400 అని వేసుకుంటే మొత్తం 2,360 పేజీలు. గంటకు 25 పేజీలు చదివే విద్యార్థికి 94 గంటలు పడుతుంది. మన దగ్గర ఉన్నవి 60. విమర్శ వ్యాసం ఒక్కటి కూడా ముట్టుకోకముందే 34 గంటల లోటు వచ్చింది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనో, బి.ఎస్సీ., బి.కాం. లోనో చదివి వచ్చినవారు మొదట్లో గంటకు 15 పేజీలు చదవగలిగితే గొప్పే. వారికి ఇదే పేపర్ 157 గంటలు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, పైగా రెండో సెమిస్టర్‌కల్లా ఆ వేగం పెరుగుతుంది. కానీ అంకె తెలియకుండా ప్రణాళిక వేసుకున్నవారే చివరికి బజారు గైడును ఆశ్రయిస్తారు.

పేజీ పేజీకీ సమయం ఒకే తీరుగా ఉండదన్నది ఇందులో మరో మెలిక. మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ తొమ్మిదో సర్గలో 1,189 పంక్తులున్నాయి. పుస్తకంలో చూస్తే పలచగానే కనిపిస్తుంది. అడుగున ఉన్న నోట్స్‌తో సహా మొదటిసారి చదివేటప్పుడు గంటకు 60 పంక్తులు కదిలితే 20 గంటలు. ఫ్రెంచి తత్వవేత్త డెరిడా 1966లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చదివిన ప్రసంగ వ్యాసం అచ్చులో ఇరవై పేజీలు కూడా ఉండదు. దాన్ని నవల వేగంతో ఒక గంటలో ముగించినవారికి ఏమీ మిగలదు. రెండుసార్లు చదివి, అందులో ప్రస్తావనకు వచ్చే లెవీ స్ట్రాస్ ఎవరో తెలుసుకుని, సొంత మాటల్లో ఒక పేజీ రాసుకోవడానికి ఆరు గంటలైనా కేటాయించాలి.

కాబట్టి చేరిన మొదటి వారంలోనే ఒక పని చేయండి. ఒక నవల, ఒక పాత కవిత, ఒక సిద్ధాంత వ్యాసం తీసుకోండి. ఒక్కోదాన్ని గంటసేపు, ఫోను పక్కన పడేసి, అవసరమైనచోట నిఘంటువు చూస్తూ చదవండి. గంట అయ్యేసరికి ఎంత దూరం వచ్చారో మూడు అంకెలు రాసుకోండి. సిలబస్‌లోని ప్రతి పాఠ్యాంశానికీ ఈ అంకెల ఆధారంగా గంటలు వేసి, పేపర్ల వారీగా కూడండి. ఈ కూడికకు ఒక సాయంత్రం పడుతుంది.

నేను ఈ లెక్క తెలియకుండానే ఎం.ఏ. చేశాను. స్నేహితులందరూ తీసుకున్నారని రెండో సెమిస్టర్‌లో కోర్ నవల పేపర్‌కు తోడు మరో నవల ఎలెక్టివ్ తీసుకున్నాను. రెండింటిలో కలిపి పదకొండు నవలలు. నాలుగు చదివాను, ఏడింటికి కథాసారాంశాలు చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. కొన్నేళ్ళ తరవాత ఒక పరిశోధన ఇంటర్వ్యూలో ఆ ఏడింటిలో ఒక నవల పేరు చెప్పి, అందులో కథ చెప్పే గొంతు ఎవరిదో, అది ఎక్కడ మారుతుందో చెప్పమన్నారు. సారాంశంలో కథ ఉంటుంది, గొంతు ఉండదు.

లోటును సెలవుల్లోకి జరపండి

గంటలు చాలవని తేలినప్పుడు పుస్తకాన్ని వదిలేయడం ఒక్కటే మార్గం కాదు. పెద్ద నవలలను సెమిస్టర్ మొదలు కాకముందే చదివి ఉంచుకోవచ్చు. ‘మిడిల్‌మార్చ్’ 1871 డిసెంబరు నుంచి ఏడాదిపాటు ఎనిమిది భాగాలుగా విడివిడిగా వెలువడింది. నాటి పాఠకులు చదివినట్టే మీరూ చదవండి: వారానికి ఒక భాగం, అంటే సుమారు నూరు పేజీలు, నాలుగు గంటలు. ఎనిమిది వారాల్లో ఆ పుస్తకం మీదవుతుంది. ధారావాహికగా వచ్చిన డికెన్స్ నవలలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది, ఎందుకంటే ఎక్కడ ఆగాలో ఆ రచనే చెబుతుంది. ఈ నవలలన్నింటికీ కాపీరైటు కాలం ఎప్పుడో ముగిసింది కనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే పరీక్షకు, వ్యాసానికి మాత్రం పేజీ సంఖ్యలూ నోట్సూ ఉన్న అచ్చు ప్రతినే వాడాలి.

నాలుగో సెమిస్టర్ నుంచి వెనక్కి రండి

ప్రణాళిక కాగితం మీద మొదట నింపవలసింది నాలుగో సెమిస్టర్‌ను. అక్కడ డిసర్టేషన్ (సుదీర్ఘ పరిశోధన వ్యాసం) ఉందా? కొన్నిచోట్ల అది తప్పనిసరి, కొన్నిచోట్ల ఐచ్ఛికం, కొన్నిచోట్ల దాని బదులు మరో పేపర్ రాయవచ్చు. పీహెచ్.డి. ఆలోచన ఏమాత్రం ఉన్నా డిసర్టేషన్‌నే తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పేపర్ తీసుకుంటే పర్సెంటేజీ పెరుగుతుందని చెప్పేవారు ఉంటారు. పీహెచ్.డి. అర్హతకు 55 శాతం చాలు, రిజర్వేషన్ వర్గాలకు అందులోనూ సడలింపు ఉంది. ఆ గీత దాటినవారికి అదనపు రెండు శాతం కన్నా, తాము రాసి, సరిదిద్దించుకుని, వైవాలో (మౌఖిక పరీక్షలో) నిలబెట్టుకున్న యాభై పేజీలే ఎక్కువగా ఉపయోగపడతాయి.

డిసర్టేషన్ నాలుగో సెమిస్టర్‌లో పుట్టదు. మూడో సెమిస్టర్‌లో ఏదో ఒక ఎలెక్టివ్‌కు రాసిన టర్మ్ పేపర్ (ఆ సెమిస్టర్‌కు ఇచ్చే వ్యాసం) దాని బీజం కావాలి. ఆ టర్మ్ పేపర్ రాయాలంటే సాహిత్య సిద్ధాంతంతో కొంత పరిచయం ఉండాలి, అందుకు రెండో సెమిస్టర్‌లోగా విమర్శ, సిద్ధాంతం పేపర్ చదివి ఉండాలి. మీ విశ్వవిద్యాలయం సిద్ధాంతాన్ని మూడో సెమిస్టర్‌లో పెడితే, దానికి ముందు వచ్చే సెలవుల్లో ఒక పరిచయ గ్రంథం చదువుకోండి. మొదటి సెమిస్టర్‌ను చాసర్ నుంచి మిల్టన్ దాకా ఉండే కాలానుక్రమ పేపర్లకూ, చదువు వేగం పెంచుకోవడానికీ వదిలేయవచ్చు. అప్పుడే డిసర్టేషన్ అంశం గురించి కంగారుపడనక్కరలేదు.

ప్రతి సెమిస్టర్‌లోనూ పేపర్ల మిశ్రమాన్ని చూసుకోవాలి. నవలల పేపర్ ఒకటి ఉంటే దాని పక్కన కవిత్వమో నాటకమో ఉండాలి, సిద్ధాంతం ఉన్న సెమిస్టర్‌లో సిద్ధాంత భారం ఉన్న మరో ఎలెక్టివ్ వద్దు. మూడు రకాల చదువులు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదానితో అలసిన మనసు ఇంకొకదానిలో తేరుకుంటుంది.

ఎలెక్టివ్‌ను ఎంచుకునే తీరు

అంశాన్ని చూసి ఎంచుకోవాలా, చెప్పే అధ్యాపకులను చూసి ఎంచుకోవాలా? ఈ రెండూ కలిసి రాని సందర్భంలో నేను అధ్యాపకుల వైపే మొగ్గుతాను. సీనియర్లను అడగవలసిన ప్రశ్న ‘ఆయన బాగా చెబుతారా’ అని కాదు, ‘మీ వ్యాసాన్ని ఎన్ని ఎర్ర గీతలతో తిరిగి ఇచ్చారు’ అని. ఇంటర్నల్స్ పేపర్ల మీద మార్కు మాత్రమే వేసి ఇచ్చే క్లాసులో మీకు ఇష్టమైన అంశం ఉన్నా మీ రాత మారదు.

అంశం విషయానికి వస్తే, తెలుగు వచ్చిన విద్యార్థికి ఇంగ్లీషు ఎం.ఏ.లో ఒక అనుకూలత ఉంది. దాన్ని మనవాళ్ళు చాలావరకు వాడుకోరు. అనువాద అధ్యయనం, తులనాత్మక సాహిత్యం, భారతీయ సాహిత్యం, దళిత సాహిత్యం వంటి ఎలెక్టివ్‌లలో రెండు భాషలూ చదవగలవారికే కనిపించే విషయాలు ఉంటాయి. నాకు తెలిసిన ఒక విద్యార్థిని మూడో సెమిస్టర్ అనువాదాల పేపర్‌కు ‘కన్యాశుల్కం’ తీసుకుంది. మొదట ఆమె రాసుకున్న శీర్షిక ‘గురజాడ నాటకంలో స్త్రీలు’. అధ్యాపకురాలు దాన్ని కొట్టేసి, ఒక్క పాత్ర మాట తీరు మాత్రమే చూడమన్నారు. గిరీశం తెలుగు మాటల నడుమ ఇంగ్లీషు ముక్కలు దట్టించి వెంకటేశాన్ని అబ్బురపరుస్తాడు. ఆ నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు చుట్టూ ఉన్న భాష అంతా ఇంగ్లీషే అయిపోతుంది. మరి గిరీశం బడాయి ఎక్కడ కనిపిస్తుంది? వెల్చేరు నారాయణరావు 2007లో వెలువరించిన అనువాదాన్ని పక్కన పెట్టుకుని, మొదటి అంకంలోని గిరీశం మాటలను రెండు నిలువు వరుసలుగా రాసి పోల్చింది. పన్నెండు పేజీల టర్మ్ పేపర్ అయింది.

నాలుగో సెమిస్టర్‌లో అదే పెరిగింది. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పుకూ, బాగా పెంచి రాసిన 1909 కూర్పుకూ గురజాడ ఇంగ్లీషులోనే ముందుమాటలు రాశారు. తెలుగు నాటకానికి ఇంగ్లీషు ముందుమాట ఎవరిని ఉద్దేశించి రాసినట్టు అన్నది ఆమె డిసర్టేషన్‌లో మొదటి అధ్యాయం, గిరీశం ఇంగ్లీషు రెండోది, అనువాద సమస్య మూడోది. కొత్తగా చదవవలసి వచ్చింది కొద్దిగానే, ఎందుకంటే రెండో సెమిస్టర్ సిద్ధాంతం పేపర్‌లో వలస పాలన, భాష గురించిన వ్యాసాలను ఆమె ముందే చదివి ఉంది. మూడు సెమిస్టర్ల చదువు ఒకే చోట కలవడమంటే ఇదే. ఇంగ్లీషులోనే రాసేవారి మీద గానీ, షేక్‌స్పియర్ మీద గానీ పని చేయాలనుకునేవారు కూడా ఇలాగే ఒక టర్మ్ పేపర్ నుంచి ముందుకు సాగవచ్చు. అందరూ తెలుగు పుస్తకాల మీదే పని చేయాలని నేననడం లేదు.

నెట్ సిలబస్‌ను పక్కన పెట్టుకుని ఖాళీలు చూసుకోండి

డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక వృత్తిలోకి వెళ్ళాలనుకునేవారికి సాధారణంగా యు.జి.సి. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, రాష్ట్ర స్థాయి సెట్ గానీ కావాలి. నెట్‌లో మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. ఇందులో 100 ప్రశ్నలు సబ్జెక్టు పేపర్‌లోవి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ఇంగ్లీషు సిలబస్‌లో పది యూనిట్లు ఉన్నాయి. మొదటి నాలుగూ నాటకం, కవిత్వం, కల్పనా సాహిత్యం, కల్పనేతర వచనం. వీటిని ఏ ఎం.ఏ. అయినా చాలావరకు చెబుతుంది. తరవాతివి భాష, బోధన పద్ధతులు; భారతదేశంలో ఇంగ్లీషు చరిత్ర; సాంస్కృతిక అధ్యయనాలు; సాహిత్య విమర్శ; రెండో ప్రపంచ యుద్ధానంతర సిద్ధాంతం; పరిశోధన పద్ధతులు. మీ కోర్ పేపర్లు వీటిలో ఏవి వదిలేస్తున్నాయో గుర్తించి, ఆ ఖాళీని పూరించే ఎలెక్టివ్ కనీసం ఒకటి తీసుకోవాలి. భాషాబోధన ఎలెక్టివ్‌ను సాహిత్యాభిమానులు చిన్నచూపు చూస్తారు. జూనియర్ లెక్చరర్‌గా మొదటి రోజు క్లాసులో నిలబడ్డాక వారే దాని విలువ ఒప్పుకుంటారు.

ఆ ఎలెక్టివ్ మీ డిపార్ట్‌మెంట్‌లో నడవకపోతే స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలో వెతకండి. యు.జి.సి. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసి క్రెడిట్లు బదిలీ చేసుకోవడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. ‘అనుమతించవచ్చు’ అన్న మాట గమనించండి. మీ విశ్వవిద్యాలయం ఆ కోర్సును అంగీకరిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే పరీక్ష ఫీజు కట్టాలి.

వారం లెక్క, లైబ్రరీ, నోట్సు

వారానికి 20 గంటలు దొరికాయనుకుంటే 16 గంటలకు మాత్రమే పని వేసుకోండి. తక్కిన నాలుగు గంటలు జ్వరానికీ, పెళ్ళిళ్ళకూ, ఇంటర్నల్స్ తేదీ హఠాత్తుగా ముందుకు జరిగే రోజుకూ. సిద్ధాంతాన్ని ఉదయం చదవాలి, నవలను రాత్రి చదవవచ్చు. ప్రతి పుస్తకానికీ ఒక కాగితం చాలు: మీకు నచ్చిన లేదా అర్థం కాని మూడు వాక్యాలు పేజీ సంఖ్యలతో, వాటి కింద మీ ప్రశ్న. ఆ ప్రశ్నల్లోంచే టర్మ్ పేపర్ అంశాలు వస్తాయి. వ్యాసాల్లో మూలాలను చూపడానికి ఎం.ఎల్.ఏ. (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిని, 2021లో వచ్చిన తొమ్మిదో కూర్పు ప్రకారం, మొదటి సెమిస్టర్ నుంచే పాటించండి. జొటేరో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. చదివిన ప్రతి వ్యాసాన్నీ అందులో వేసుకుంటే డిసర్టేషన్ చివరి వారంలో ప్రచురణ సంవత్సరాలు వెతుక్కునే బాధ తప్పుతుంది.

హైదరాబాదులో ఉన్నవారికి ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) లైబ్రరీ ఉంది, అమెరికన్ సాహిత్యానికి ఉస్మానియా ఆవరణలో ఒకప్పటి అమెరికన్ స్టడీస్ రిసర్చ్ సెంటర్ గ్రంథసేకరణ ఉంది. ఎక్కడున్నా శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పాత పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు చదవవచ్చు. అయితే వాటిని మీ అంశం మీద ఇప్పటికే ఏం చెప్పారో తెలుసుకోవడానికి వాడండి, నమూనాగా తీసుకోకండి, ఎందుకంటే వాటి నాణ్యత ఒక్కలా ఉండదు.

ప్రతి సెమిస్టర్ చివరా ప్రణాళికను తిరగరాయండి

ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, పరీక్షలు ముగిసిన వారంలోనే పాత కాగితం తీసి, వేసుకున్న గంటల పక్కన నిజంగా పట్టిన గంటలు రాయండి. కవిత్వానికి మీరు తక్కువ వేసి, నవలకు ఎక్కువ వేసి ఉండవచ్చు. తరవాతి సెమిస్టర్‌కు ఆ కొత్త అంకెలే వాడాలి. బ్యాక్‌లాగ్ ఏదైనా మిగులుతుందని అనుమానం ఉంటే, దానికి కావలసిన గంటలను రాబోయే సెమిస్టర్ మొత్తంలో ముందే తీసేసి, ఆ సెమిస్టర్‌లో తేలికైన ఎలెక్టివ్ తీసుకోండి. పరువు కోసం బరువైనదాన్ని ఎత్తుకుంటే రెండూ పాడవుతాయి.

అధ్యాపకులు ఎర్ర గీతలతో తిరిగి ఇచ్చిన వ్యాసాలను పారేయకుండా ఒక ఫైలులో పెట్టండి. ఏడాది తరవాత సిఫారసు లేఖ అడగడానికి వెళ్ళినప్పుడు ఆ ఫైలు తీసుకెళ్ళండి. వందలమందికి పాఠం చెప్పిన వారికి మీ ముఖం గుర్తుండకపోవచ్చు కానీ, తమ చేతి రాత ఉన్న పేజీ చూస్తే మీరు ఏం రాశారో, ఎక్కడ తడబడి మళ్ళీ ఎలా సరిదిద్దుకున్నారో గుర్తుకొస్తుంది, లేఖలో రాయడానికి వారికి ఒక నిర్దిష్టమైన విషయం దొరుకుతుంది.